చీనా మసాలాతో చిన్న బర్గరులు

2008వ సంవత్సరమున శంషాబాదున విమానాశ్రయము తెఱవబడినది మొదలు మా గగన్‌పహాడునకు పరదేశములు చేరువయైనవి. మొన్న విదేశమునుండి వచ్చిన మనుమడు నేనిడిన జొన్నరొట్టెను ముట్టక, చీనా మసాలాతో చిన్న బర్గరులు కోరెను. నా మనస్సు చిన్నబోయెను. అయినను విచారింపగా, చీనావారి పంచసుగంధచూర్ణమున అనాసపువ్వు, సోంపు, దాల్చినచెక్క, లవంగములు మన యింట నున్నవే. ఐదవదగు సిచువాన్ మిరియమునకు మాఱుగా మన మిరియములనే నూఱితిని.

పావుకిలో ఖీమాకు అరచెంచాడు చూర్ణము, అల్లము, వెల్లుల్లి, ఉప్పు చేర్చి, నిమ్మకాయంత యుండలు అదిమి పెనముపై కాల్చవలెను. ముక్కకు పైననే యుండు క్రిములు ఖీమాలో లోపలికిని కలియును. కావున నడుమ ఎఱుపు పోవువఱకు కాల్చుట ముఖ్యము. చిన్న బన్నులలో ఉల్లిచక్రములతో నుంచి పెట్టితిని. మనుమడు నాలుగు తినెను. మఱునాడు జొన్నరొట్టె నడుమ నదే ఖీమా నుంచి యిమ్మనెను.