మాట, నడత, జవాబుదారీతనం: ఉత్తరాంధ్ర సాహిత్య, ఉద్యమ చరిత్రలో అభ్యుదయవాదుల పరీక్ష

వ్యాససంగ్రహం

సమానత్వాన్ని వేదికల మీద బోధించేవారు దానిని ఆచరణలో ఎంతవరకు పాటిస్తున్నారన్న ప్రశ్న నేటి టెలివిజన్ చర్చలతో పుట్టింది కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల సాహిత్యం ఈ ప్రశ్నను నూరేళ్లకు పైగా అడుగుతూనే ఉంది. గురజాడ ‘కన్యాశుల్కం’, ‘దిద్దుబాటు’, కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’, 1970లో విశాఖ విద్యార్థుల కరపత్రం, ఆ తర్వాత ఉద్యమాల లోపలి నుంచి వచ్చిన విమర్శలు ఈ వ్యాసానికి ఆధారాలు. వక్త నిష్కళంకుడా కాదా అన్నది అసలు ప్రశ్న కాదని, అతని మాటకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు, అతనిని ప్రశ్నించే హక్కు ఎవరికి దక్కుతోంది అన్నవే జవాబుదారీతనానికి గీటురాళ్లని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అభ్యుదయవాదం, కపటం, జవాబుదారీతనం, ఆత్మవిమర్శ, శ్రీకాకుళ ఉద్యమం, గురజాడ, కాళీపట్నం రామారావు.

1. ఉపోద్ఘాతం

వామపక్ష భావాలు గల వ్యాఖ్యాతలు, ఉద్యమకారులు, రచయితలపై తరచుగా వినిపించే ఆరోపణ ఒకటి ఉంది. చెప్పేది ఒకటి, చేసేది మరొకటి అన్నదే ఆ ఆరోపణ. పేదల పక్షాన మాట్లాడుతూ సుఖంగా బతుకుతారని, ఒక ప్రభుత్వం చేసిన హింసను ఖండించి తమవారి హింస విషయంలో మౌనం వహిస్తారని, స్త్రీ సమానత్వం గురించి రాస్తూ ఇంట్లో పెత్తనం చేస్తారని విమర్శకులు అంటారు. ఈ ఆరోపణలో నిజం ఉన్న సందర్భాలు లేకపోలేదు. అయితే దానిని రెండు విధాలుగా దుర్వినియోగం చేయడం కనిపిస్తుంది. మనిషి దొంగ గనుక అతడు చెప్పిన ఆశయమూ దొంగదే అనడం మొదటిది. ఆశయం గొప్పది గనుక మనిషి తప్పును ఎత్తిచూపరాదనడం రెండవది. మొదటిది ప్రత్యర్థుల వాదం, రెండవది అనుచరుల వాదం. ఈ రెండూ కాని మూడవ దారిని ఉత్తరాంధ్ర రచయితలు చూపారు.

2. గిరీశం: ఆశయాన్ని వాడుకొన్న వక్త

‘కన్యాశుల్కం’ నాటకాన్ని 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించారు. 1897లో అది అచ్చయింది. 1909లో ఎంతో విస్తరించిన రెండో కూర్పు వెలువడింది. తెలుగు సాహిత్యంలో కపట సంస్కర్తకు గిరీశం పర్యాయపదమయ్యాడు. వితంతు వివాహాల గురించి, వేశ్యావ్యతిరేక ఉద్యమం గురించి అతడు అనర్గళంగా ఉపన్యసిస్తాడు. ఆ నోటితోనే పూటకూళ్లమ్మ సంత సామాన్లకు ఇచ్చిన ఇరవై రూపాయలను మధురవాణి కోసం ఖర్చు చేస్తాడు. పూటకూళ్లమ్మ స్వయంగా వితంతువు. వితంతువుల ఉద్ధరణను బోధించేవాడు ఒక వితంతువు కష్టార్జితాన్ని కాజేయడం కేవలం హాస్యం కోసం కల్పించిన సన్నివేశం కాదు. మాటకు, నడతకు మధ్య ఉన్న దూరానికి మూల్యం ఎవరు చెల్లిస్తారో అది తేటతెల్లం చేస్తుంది.

ఇక్కడ గమనించవలసిన అంశాలు రెండున్నాయి. గిరీశాన్ని సౌజన్యారావు పంతులు ముందు బట్టబయలు చేసేది అగ్రహారపు సంప్రదాయవాదులు కాదు, మధురవాణి. ఏ ఉద్యమం ఆమెను దూరంగా ఉంచాలనుకొన్నదో, ఆ ఉద్యమపు కపటాన్ని ఆమే వెల్లడించింది. ఉద్యమం ఎవరిని గురించి మాట్లాడుతున్నదో వారికే ప్రశ్నించే అర్హత ముందుగా ఉంటుందన్న భావం ఇందులో ఇమిడి ఉంది. గిరీశంతో పాటు సౌజన్యారావు కూడా ఆమె ప్రశ్నకు గురవుతాడు. చిత్తశుద్ధి ఉన్నవాడికీ ప్రశ్న తప్పలేదు.

రెండవ అంశం మరింత ముఖ్యమైనది. గిరీశం గుట్టు రట్టయిన తర్వాత సౌజన్యారావు వితంతు వివాహ ఆశయాన్ని వదులుకోలేదు. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపి, చదువుకొన్న తర్వాత వివాహ విషయం ఆమె నిర్ణయానికే వదలాలని తీర్మానిస్తాడు. అంటే వక్త చేతిలో ఉన్న అధికారం బాధితురాలి చేతికి మారింది. వక్తకు శిక్ష, ఆశయానికి రక్ష, బాధితురాలికి ఎంపిక. జవాబుదారీతనానికి గురజాడ ఇచ్చిన నమూనా ఇది.

1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వచ్చిన ‘దిద్దుబాటు’ కథలో ఈ సమస్య ఇంటి గడప లోపలికి వస్తుంది. గోపాలరావు రాత్రుళ్లు ఆలస్యంగా రావడానికి సభలను, లోకహిత కార్యాలను సాకుగా చెబుతాడు. చదువుకొన్న భార్య కమలిని ఉత్తరం రాసి ఆ సాకును నిలదీస్తుంది. ప్రజాసేవ వ్యక్తిగత ప్రవర్తనకు ముసుగు కావడాన్ని ఇంత క్లుప్తంగా చూపిన కథ అరుదు. స్త్రీవిద్య అనే సంస్కరణ ఫలమే సంస్కర్తను ప్రశ్నించే సాధనంగా మారడం ఇందులోని విశేషం.

3. ‘యజ్ఞం’: కపటం లేనిచోట జరిగే అన్యాయం

ప్రతి అన్యాయం వెనుక ఒక గిరీశం ఉంటాడనుకోవడం పొరపాటు. శ్రీకాకుళం జిల్లా మురపాకలో 1924లో జన్మించిన కాళీపట్నం రామారావు 1966లో ప్రచురించిన ‘యజ్ఞం’ కథ ఈ పొరపాటును సరిదిద్దుతుంది. ఈ కథలో శ్రీరాములునాయుడు ఊరి మేలు కోరే పెద్దమనిషి, గాంధేయ భావాలు గలవాడు. అప్పల్రాముడి అప్పు తగవులో అతడు ధర్మంగానే వ్యవహరిస్తున్నానని నమ్ముతాడు. అతని మాటలో కల్ల లేదు, నడతలో వంచన లేదు. అయినా ఆ ధర్మం అప్పల్రాముడి కుటుంబాన్ని కట్టుబానిసత్వం అంచుకు నెడుతుంది. అప్పు వారసత్వం తన బిడ్డకు సంక్రమించరాదని సీతారాముడు కన్నకొడుకునే చంపుకొంటాడు.

గురజాడ వక్త నడతను పరీక్షించగా, కాళీపట్నం అతని మాట ఇచ్చే ఫలితాన్ని పరీక్షించాడు. మంచివాడు కావడం ఒక్కటే చాలదు, తన మంచితనం ఏ వ్యవస్థకు ఊతమిస్తోందో అతడు తెలుసుకోవాలి. తాను రాస్తున్నది ఏ మంచికి హాని చేస్తుందో, ఏ చెడుకు మేలు చేస్తుందో రచయిత ఆలోచించుకోవాలన్న రావిశాస్త్రి ప్రసిద్ధ అభిప్రాయం కూడా ఈ కోవలోనిదే. రావిశాస్త్రి సైతం శ్రీకాకుళంలో పుట్టినవాడే కావడం గమనార్హం.

4. 1970: ‘మీరెటువైపు?’ అన్న ప్రశ్న

‘యజ్ఞం’ వెలువడిన మరుసటి ఏడాదే ఈ చర్చ సాహిత్యాన్ని దాటి నెత్తుటి చరిత్రలోకి ప్రవేశించింది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద, మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనులపై జరిగిన కాల్పులలో కోరన్న, మంగన్న మరణించారు. పార్వతీపురం ఏజెన్సీలో సవర, జాతాపు గిరిజనులను సంఘటితపరచిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. బొడ్డపాడుకు చెందిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఉద్యమ ప్రచారానికి మలిచి, 1969 డిసెంబరులో ప్రాణాలు కోల్పోయాడు. వీరి రాజకీయ మార్గంతో ఏకీభవించకపోవచ్చు. కానీ చెప్పిన మాటకు మూల్యాన్ని వీరు స్వయంగా చెల్లించారనడంలో సందేహం లేదు.

ఆ సమయంలో అభ్యుదయ రచయితలలో అధికభాగం మౌనంగా ఉన్నారు. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభ జరిగినప్పుడు, విశాఖ విద్యార్థులు ‘రచయితలారా! మీరెటువైపు?’ అన్న కరపత్రంతో ఆ మౌనాన్ని నిలదీశారు. తిరుగుబాటు కవిత్వంతో కీర్తి గడించినవారు తిరుగుబాటు తమ పక్క కొండల్లో జరుగుతుంటే ఏం చేస్తున్నారన్నది ఆ ప్రశ్నలోని సారం. అడిగినవారు ప్రత్యర్థులు కారు, ఆ కవిత్వం చదివి పెరిగిన పాఠకులు. ఈ కదలిక ఫలితంగా 1970 జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. శ్రీశ్రీ దానికి అధ్యక్షుడయ్యాడు. ఆరు రోజుల తర్వాత, జూలై 10న, సత్యం, కైలాసం మరణించారు.

ఈ కరపత్రం తెలుగు రచయితల జవాబుదారీతనంలో ఒక మలుపు. అయితే దానికొక పరిమితి ఉంది. ‘ఎటువైపు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పగానే పరీక్ష ముగిసినట్లు భావించే ప్రమాదం అందులో పొంచి ఉంది. సరైన పక్షంలో ఉన్నవాడు సరిగానే నడుచుకొంటాడన్న హామీ లేదు. పక్షం నడతకు ప్రత్యామ్నాయం కాజాలదు.

5. లోపలి నుంచి వచ్చిన ప్రశ్నలు

ఆ పరిమితిని దాటే ప్రయత్నాలు ఉద్యమం లోపలే మొదలయ్యాయి. 1972లో విశాఖపట్నం జైలులో ఉన్న ఆరుగురు నాయకులు పార్టీ అనుసరించిన వ్యక్తిగత హింసా మార్గాన్ని విమర్శిస్తూ బహిరంగ లేఖ రాశారు. వారిలో కానూ సన్యాల్‌తో పాటు శ్రీకాకుళ ఉద్యమంలో పాల్గొన్న చౌదరి తేజేశ్వరరావు, నాగభూషణ పట్నాయక్ ఉన్నారు. తామే నడిచిన దారిని తామే తప్పుపట్టడం తేలిక కాదు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆత్మవిమర్శ రాసినవారు నాయకులు, ఆ మార్గం తాలూకు మూల్యాన్ని ఎక్కువగా చెల్లించినవారు ఏజెన్సీ గిరిజనులు. వారి నోటి విమర్శకు ఆ చరిత్రలో దక్కిన చోటు స్వల్పం.

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను వారి మాటల్లోనే సేకరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వెలువడి, సమానత్వం పేరిట సాగిన పోరాటంలో స్త్రీల స్థానమేమిటని ప్రశ్నించింది. 1985 జూలైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు ఘటనల తర్వాత దళిత రచయితలు వామపక్ష సాహిత్యంలో కులం పట్ల ఉన్న మౌనాన్ని ఎత్తిచూపారు. పౌరహక్కుల ఉద్యమంలో కె. బాలగోపాల్ రాజ్యహింసతో పాటు నక్సలైట్ల హింసనూ ప్రశ్నించాలన్న వైఖరి తీసుకొని, 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పాటులో ప్రధాన పాత్ర వహించాడు. ఈ ప్రశ్నలు అడిగినందుకు ‘శత్రువుకు ఉపయోగపడుతున్నారు’ అన్న నిందను మోయక తప్పని వాతావరణం అప్పట్లో ఉండేది. కానీ ఆశయాన్ని బతికించింది ఆ ప్రశ్నలే.

6. నేటి వ్యాఖ్యాతలకు అన్వయం

పై పరిశీలన నుంచి నాలుగు స్థితులను వేరుచేసి చూడవచ్చు. ఆశయాన్ని లాభానికి వాడుకోవడం కపటం. ఆశయాన్ని నమ్మి, దాని స్థాయికి ఎదగలేకపోవడం దౌర్బల్యం. తమవారి తప్పును చూడనట్లు నటించడం పక్షపాత మౌనం. చిత్తశుద్ధితోనే అన్యాయానికి తోడ్పడడం అవివేకం. మొదటిదానికి బట్టబయలు కావడమే తగిన చికిత్స. రెండవదానికి ఒప్పుకోలు చాలు. మూడవదానికి ఒకే తూకపురాయి కావాలి. నాలుగవదానికి ఫలితాన్ని తిరిగి చూసుకొనే అలవాటు కావాలి. ఈ నాలుగింటినీ ‘కపటం’ అన్న ఒకే గాటన కట్టడం వల్ల విమర్శ పదును కోల్పోతోంది.

2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలను వ్యతిరేకించిన ప్రజలపై కాల్పులు జరిగాయి. ఇటువంటి ఘటనల తర్వాత వ్యాఖ్యాతలు వస్తారు, మాట్లాడతారు, వెళతారు. కేసులతో, కోర్టు వాయిదాలతో మిగిలేది మత్స్యకారులు, రైతులు. ఒక వ్యాఖ్యాత చిత్తశుద్ధిని కొలవాలంటే అతని జీవనశైలిని కాక, కెమెరాలు వెళ్లిపోయిన తర్వాత ఆ గ్రామంతో అతనికి మిగిలిన సంబంధాన్ని చూడాలి. తర్వాతి కాల్పులు తనకు ఇష్టమైన ప్రభుత్వ హయాంలో జరిగితే అతడు అదే గొంతుతో మాట్లాడతాడా అన్నది రెండవ కొలమానం.

7. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి:

1. ఉత్తరాంధ్ర సాహిత్యం అభ్యుదయవాదుల కపటాన్ని ఎత్తిచూపింది. కానీ దానిని అభ్యుదయ ఆశయాన్ని తిరస్కరించడానికి సాకుగా వాడుకోలేదు.

2. నడత, ఫలితం, పక్షం అనే మూడు పరీక్షలలో ఏ ఒక్కటీ తనంతట తాను సంపూర్ణం కాదు.

3. ఎవరి పేరిట మాట్లాడుతున్నారో వారికి ప్రశ్నించే హక్కు దక్కినప్పుడే జవాబుదారీతనం నిజమవుతుంది. మధురవాణి, కమలిని ఆ హక్కుకు తొలి ప్రతినిధులు.

4. ఆత్మవిమర్శ నాయకుల పత్రాలకే పరిమితమైతే అది అసంపూర్ణం.

చివరగా, ఈ పరీక్ష నుంచి అధ్యాపకులకూ మినహాయింపు లేదు. తరగతి గదిలో గిరీశాన్ని చూసి నవ్వడం సులభం. ‘యజ్ఞం’ మీద పరిశోధన పత్రం సమర్పించి, తన పర్యవేక్షణలోని పేద విద్యార్థి సమయాన్ని సొంత పనులకు వాడుకొనే ఆచార్యుడు ఏ పాత్రకు దగ్గరివాడో తేల్చుకోవడమే కష్టం. ఆ విద్యార్థి భయం లేకుండా ఆ ప్రశ్న అడగగలిగినప్పుడు మాత్రమే మనం ఈ సాహిత్యాన్ని బోధించినట్లు లెక్క.