మోంజాలో ఆఖరి పోరు.. ఈసారి గడియారమే తేల్చాలి!

"ఏరా, సర్క్యూట్‌లో ర్యాలీ ఏంట్రా? స్విమ్మింగ్ పూల్‌లో గాలమేసి చేపలు పట్టినట్టు!"

పోయినేడాది ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ ఆఖరి రౌండ్ మోంజాలో అని ప్రకటించగానే మా బావ పంపిన వాయిస్ మెసేజ్ ఇది. నేనూ పడీపడీ నవ్వాను. మా ఇద్దరికీ ర్యాలీ అంటే పిచ్చి. మిగతా చుట్టాలంతా ఐపీఎల్ స్కోరు చూసుకుంటుంటే, మేమిద్దరం ఓ మూల ఫోన్ పట్టుకుని, బురదలో దూసుకుపోయే కార్లని చూస్తుంటాం. ఒక్క విషయంలోనే పేచీ. నేను సెబాస్టియన్ ఓజియే పార్టీ. బావ ఎల్ఫిన్ ఎవాన్స్ పార్టీ.

ఈ శుక్రవారం, అంటే 2021 నవంబరు 19 నుంచి ఆదివారం దాకా మళ్లీ అదే మోంజా. మళ్లీ సీజన్‌లో ఆఖరి రౌండ్. టైటిల్ రేసులో మళ్లీ వాళ్లిద్దరే. ఈసారి మాత్రం మాకు నవ్వు రావట్లేదు. ఎందుకో చెప్తాను.

అసలు ర్యాలీ అంటే..

ఫార్ములా వన్‌లో కార్లన్నీ ఒకేసారి బయల్దేరతాయి. ర్యాలీలో అలా కాదు. ఒక్కో కారూ విడివిడిగా వెళ్తుంది. పోటీ పక్క కారుతో కాదు, గడియారంతో. డ్రైవర్ పక్కన కో-డ్రైవర్ కూర్చుని "తర్వాత కుడి మలుపు, ఆపైన ఎడమ" అంటూ ముందే రాసుకున్న నోట్స్ చదువుతుంటాడు. మన శ్రీశైలం ఘాట్ రోడ్డునో, అరకు ఘాట్ రోడ్డునో మూసేసి, ఒక్కో కారునీ వదిలి, ఎవరు ఎన్ని సెకన్లలో వెళ్లారో లెక్కేస్తే ఎలా ఉంటుంది? అదే ర్యాలీ.

అలాంటి ఆటని తీసుకెళ్లి మోంజాలో పెట్టారు. 1922లో కట్టిన సర్క్యూట్ అది. ఫార్ములా వన్‌లో స్పీడుకి పెట్టింది పేరు. 2020లో హామిల్టన్ అక్కడ గంటకు 264 కిలోమీటర్ల సగటు వేగంతో పోల్ కొట్టాడు. ఏటా సీజన్ అయిపోయాక అక్కడ మోంజా ర్యాలీ షో అని ఒకటి సరదాగా జరిగేది. బైక్ రేసర్ వాలెంటినో రోసి దాన్ని ఏడుసార్లు గెలిచాడు. అందుకే చాలామంది అభిమానులు "షో జరిగే చోట ప్రపంచ టైటిల్ తేలుస్తారా?" అని పెదవి విరిచారు.

తప్పలేదు మరి. కరోనా వల్ల రెండేళ్లూ జపాన్ ర్యాలీ రద్దయింది. పోయినేడాది బెల్జియంలోని ఈప్రె ర్యాలీ కూడా పోయింది. సీజన్ మొత్తం కలిపి ఏడు రౌండ్లే. ఏడోది మోంజా, అదీ ప్రేక్షకులు లేకుండా.

పోయినేడాది ఏం జరిగిందంటే..

మోంజాకి వచ్చేసరికి ఎవాన్స్‌కి 111 పాయింట్లు, ఓజియేకి 97. ఇద్దరూ టయోటా టీమే. తేడా 14. ఎవాన్స్ గెలిస్తే 2001లో రిచర్డ్ బర్న్స్ తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన తొలి బ్రిటిష్ డ్రైవర్ అవుతాడు. వాళ్ల నాన్న గ్విన్‌డాఫ్ కూడా ర్యాలీ డ్రైవరే. బావ అయితే స్వీట్లు కొనడానికి కూడా రెడీ అయిపోయాడు.

శుక్రవారం అంతా సర్క్యూట్‌లోనే. వాన కురిసింది. మేం అనుకున్న నున్నటి ట్రాక్ ఎక్కడా కనిపించలేదు. సర్క్యూట్ చుట్టూ ఉండే సన్న దారులు, మట్టి దారులు, నీటి గుంటలు, మధ్యమధ్యలో స్పీడు తగ్గించడానికి పెట్టిన అడ్డంకులు. కారు ఒకచోట తారు మీద ఉంటే, మరుక్షణం బురదలో ఉంటుంది. టైటిల్ రేసులో ఉన్న టియెరీ న్యూవిల్ కథ ఆ రోజే ముగిసిపోయింది. "స్విమ్మింగ్ పూల్‌లో మొసళ్లున్నాయి రోయ్" అని బావ మెసేజ్ పెట్టాడు.

శనివారం ర్యాలీ బెర్గామో కొండలెక్కింది. అక్కడ మంచు. ఎవాన్స్ అప్పటికి టైటిల్‌కి సరిపోయే స్థానంలోనే ఉన్నాడు. పదకొండో స్టేజ్‌లో ఓ మలుపు దగ్గర కారు జారింది. రోడ్డు దిగిపోయింది. అంతే.

నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. నిజం చెప్తున్నా, దాచుకోను. వెంటనే బావకి "కప్పు మనదే!" అని టైప్ చేసి పంపేశాను. బ్లూ టిక్స్ వచ్చాయి. జవాబు రాలేదు.

కాసేపటికి బావ నుంచి ఒక వీడియో వచ్చింది. కింద ఏమీ రాయలేదు. కారు దిగిన ఎవాన్స్ రోడ్డు మీదకొచ్చి, వెనక వస్తున్నవాళ్లకి "నెమ్మదిగా రండి" అని చేతులు ఊపుతున్నాడు. ఆ వెనక వచ్చినవాళ్లలో ఓజియే కూడా ఉన్నాడు. తన టైటిల్ ఎవరి చేతికి పోతోందో ఆ మనిషికి తెలియదా? తెలుసు. అయినా ఊపాడు. ఓజియే అదే మలుపులో జారి ఉంటే టైటిల్ ఎవాన్స్‌దే అయ్యేదేమో!

ఆ వీడియో నేను నాలుగైదుసార్లు చూశాను. "కప్పు మనదే" అన్న మెసేజ్ డిలీట్ చేద్దామనుకున్నాను. బావ చదివేశాక డిలీట్ చేసి ఏం లాభం? ఫోన్ చేసి "సారీ బావా" అన్నాను. "నువ్వేం తోసేయలేదులే రా" అన్నాడు. గొంతు మాత్రం మామూలుగా లేదు.

మర్నాడు ఓజియే ర్యాలీ గెలిచాడు. 122 పాయింట్లతో ఏడో టైటిల్. ఎవాన్స్ 114 దగ్గర ఆగిపోయాడు. మా హీరో గెలిచినా నేను స్టేటస్ పెట్టలేదు.

ఈసారి లెక్క

ఇప్పుడు సీన్ తిరగబడింది. ఓజియేకి 204, ఎవాన్స్‌కి 187. తేడా 17. ర్యాలీ గెలిస్తే 25 పాయింట్లు, ఆఖరి పవర్ స్టేజ్‌లో ఫస్టొస్తే ఇంకో 5. అంటే అందుబాటులో ఉన్నవి 30. ఎవాన్స్ మొత్తం 30 కొట్టినా, ఓజియే మూడో స్థానంలో ఉంటే చాలు, టైటిల్ తనదే. ఎవాన్స్‌కి కష్టమే. కానీ పోయినేడాది శనివారం పొద్దున కూడా మేం ఇలాగే లెక్కలేశాం!

శుక్ర, శనివారాల్లో పొద్దున కొండల్లో, మధ్యాహ్నం సర్క్యూట్‌లో స్టేజ్‌లు. ఆదివారం మొత్తం సర్క్యూట్‌లోనే. ఇంకో రెండు సంగతులు కూడా ఉన్నాయి. ఈ తరం కార్లకి ఇదే ఆఖరి ర్యాలీ. జనవరి నుంచి హైబ్రిడ్ కార్లొస్తాయి. ఓజియేకి ఇదే ఆఖరి ఫుల్ సీజన్. 2006 నుంచి తన పక్క సీట్లో నోట్స్ చదువుతున్న జూలియన్ ఇంగ్రాసియా కూడా రిటైరవుతున్నాడు. ఆ గొంతు వినపడేది ఇంక మూడు రోజులే.

నేను కోరుకునేది ఏంటంటే..

ఓజియే ఎనిమిదో టైటిల్ గెలవాలి. అందులో మార్పు లేదు. పార్టీ మారే ప్రసక్తే లేదు. కానీ ఎవాన్స్ ఈసారి కొండ దిగి సర్క్యూట్‌కి రావాలి. ఆదివారం చివరి స్టేజ్ దాకా ఇద్దరి కార్లూ రోడ్డు మీదే ఉండాలి. పోయినేడాది మేం వెక్కిరించిన ఆ సర్క్యూట్‌లోనే, గడియారం చూసుకుంటూ గెలుపోటములు తేలాలి. ఎవరో జారిపడితే వచ్చిన కప్పుకి గంతేసిన అనుభవం నాకుంది. అందులో పెద్ద మజా లేదు.

ఇటలీ టైమ్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. అంటే వాళ్ల పొద్దుటి స్టేజ్‌లు మనకి లంచ్ టైమ్‌కి వచ్చేస్తాయి. ఇంతవరకూ ర్యాలీ చూడనివాళ్లు మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి వీకెండ్ దొరకదు.

బావ ఆదివారం మా ఇంటికే వస్తున్నాడు. ఓడినవాళ్లు బిర్యానీ పెట్టాలని పందెం. ఒక షరతు కూడా పెట్టాడు: "ఎవరి కారైనా పల్టీ కొడితే పందెం రద్దు. బిల్లు చెరిసగం." సరేనన్నాను.

మరి మీరు ఏ పార్టీ?