స్లైడ్ అడుగున ఉండిపోయిన హెచ్చరిక

2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక నింగికెగిసిన 82 సెకన్లకు, ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కను ఢీకొట్టింది. నౌక కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు నష్టాన్ని అంచనా వేసి పవర్‌పాయింట్‌లో చూపించారు. అంతకుముందు పరీక్షించిన ముక్కలకన్నా ఇది 600 రెట్లకు పైగా పెద్దది. కీలకమైన ఆ మాట స్లైడ్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండిపోయింది. శీర్షిక మాత్రం భరోసా ఇచ్చేలా ఉంది. ఫిబ్రవరి 1న తిరిగివస్తూ నౌక ముక్కలై, కల్పనా చావ్లా సహా ఏడుగురు మరణించారు. అసలు కారణం రెక్కకు పడిన రంధ్రమే అయినా, దర్యాప్తు మండలి ఈ స్లైడ్లనూ తప్పుపట్టింది.

తిఫ్రా బడిలో సైన్స్ ప్రాజెక్టు వివరించాలన్నా సూత్రం ఇదే. స్లైడుకు ఒకే విషయం ఉంచండి. ఫలితాన్ని పూర్తి వాక్యంగా శీర్షికలోనే రాయండి. మిగతాది నోటితో చెప్పండి. చదువుతూ వినడం మెదడుకు కష్టం.