బట్టీ ఆగరాదు, మర ఆగవచ్చును

పల్నాటి సున్నపురాయియే మాచర్ల సిమెంటునకు మూలము. 1958లో అచ్చట కె.సి.పి. వారి కర్మాగారము పని ప్రారంభించెను. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాల్చినచో 56 కిలోల సున్నము మిగిలి, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. ఇంధనపు పొగ దీనికి అదనము. లాభమునకు భంగము లేకుండ దీనిని తగ్గించుట యెట్లు? పనుల వరుసను దిద్దుకొనుట తొలి ఉపాయము.

సిమెంటు బట్టీలో సరకు సుమారు 1450 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి చేరవలెను. బట్టీని ఆపి మరల రాజేసినప్పుడెల్ల సరకు రాకయే ఇంధనము ఖర్చగును. లోపలి ఇటుకలును బీటవారును. కావున మరమ్మతులన్నియు ఒకే విరామమున ముగించి, తక్కిన కాలమంతయు బట్టీని ఎడతెగక నడుపుట మేలు.

బట్టీనుండి వెలువడు గట్టి ఉండలను క్లింకరందురు. అది నిలువయుండును. అందుచేత దానిని పిండిచేయు మరను కరెంటు చౌకగా దొరకు గంటలలో నడిపి, ప్రియమైన గంటలలో ఆపవచ్చును. పగటివేళ సూర్యశక్తితో పుట్టిన విద్యుత్తు లభించినచో ఖర్చుతోపాటు పొగయు తగ్గును. ఈ దశయందే థర్మల్ కేంద్రముల బూడిదను నూటికి 35 పాళ్ళవరకు కలుపుటకు మన దేశపు ప్రమాణములు అంగీకరించుచున్నవి. అంతమేరకు కాల్చవలసిన రాయి తగ్గును.

వరుస యెంత దిద్దినను, రాతిలో దాగిన వాయువు రాతిని కాల్చినంతసేపును వెలువడుచునే యుండును. కనుక ఇల్లు కట్టునపుడు ఒక బస్తా సిమెంటును ఆదాచేసిన గృహస్థుడును ఈ కార్యమున పాలివాడే.