జికాకు గుమ్మం ఒక్కటేనా?

2024 డిసెంబరులో మర్రిపాడు మండలంలో ఓ బాలుడికి జికా సోకిందన్న అనుమానం రాగానే వైద్య బృందాలు ఊళ్లోకి దిగాయి, నమూనాలు పుణెకు వెళ్లాయి. అందరి దిగులూ ఆ పిల్లవాడి గురించే. నిజానికి జికా సోకిన ప్రతి ఐదుగురిలో నలుగురికి లక్షణాలే ఉండవు. మిగతావారికీ చాలావరకు కాస్త జ్వరం, దద్దుర్లు, కళ్లెర్రబడటం, అంతే. ఈ వైరస్ కొట్టే అసలు దెబ్బ కడుపులోని బిడ్డ మెదడు మీద. అక్కడే ఎందుకు? బ్రెజిల్‌లో చిన్న తలలతో పుట్టిన శిశువులను చూసి ప్రపంచం ఉలిక్కిపడిన 2016లో దీనికి ఒక జవాబు వినిపించింది. ఏఎక్స్ఎల్ అనే ప్రోటీన్ వైరస్‌కు గుమ్మమనీ, ఆ గుమ్మం ఎక్కడుంటే జికా అక్కడికి వెళ్తుందనీ. వినడానికి బాగున్నా, ఈ జవాబు సగమే నిజం.

ఏఎక్స్ఎల్ ఉన్నది వైరస్ కోసం కాదు. చనిపోతున్న కణం తన పైపొర మీద ఒక రకం కొవ్వును బయటపెడుతుంది. గ్యాస్6 అనే ప్రోటీన్ ఒక చేత్తో దాన్నీ, మరో చేత్తో ఏఎక్స్ఎల్‌నూ పట్టుకుంటుంది. అలా ఆ కణాన్ని శరీరం మింగి శుభ్రం చేసుకుంటుంది. జికా పైపొరలోనూ అదే కొవ్వు ఉంటుంది కాబట్టి చచ్చిన కణంలా నటించి లోపలికి పోగలదు. పిండం మెదడులో నాడీకణాలను పుట్టించే రేడియల్ గ్లియా కణాల్లో, రక్తనాళాల లోపలి పొరలో, మావిలో, కంటిలో, వృషణాల్లో ఏఎక్స్ఎల్ కనిపించింది. జికా దెబ్బతీసే చోట్లూ దాదాపు ఇవే. ఇంత చక్కగా కుదిరిన పోలికను నమ్మకుండా ఉండటం కష్టం.

కానీ అదే ఏడాది హార్వర్డ్ పరిశోధకులు ఏఎక్స్ఎల్ జన్యువును తీసేసిన మానవ నాడీ మూలకణాలకు జికాను సోకించి చూశారు. వైరస్ మామూలుగానే లోపలికి వెళ్లింది. ఏఎక్స్ఎల్ లేని ఎలుకలకూ జబ్బు తప్పలేదు. అంటే జికాకు దారులు చాలా ఉన్నాయి. లోపలికి వెళ్లాక ఆ కణం ఎంత గట్టిగా ఎదురు తిరుగుతుందన్నదీ ముఖ్యమే. అలాగైతే ఇలాంటి గుమ్మాల, అంటే గ్రాహకాల, వెతుకులాట వృథాయేనా అని అడగొచ్చు. కాదు, వైరస్‌ను ఎక్కడ వెతకాలో చెప్పేది అదే. ఆ గుమ్మాన్నే మందుతో మూసేస్తే పోలేదా అంటారా? ఎలుకల్లో వెస్ట్‌నైల్ వైరస్ మెదడులోకి చొరబడకుండా రక్తనాళాల గోడను బిగించి ఉంచేది ఈ ఏఎక్స్ఎల్ కూడా. మూస్తే మేలు కంటే కీడే ఎక్కువ కావచ్చు.

అసలు దెబ్బ కడుపులోని బిడ్డకే కాబట్టి, జికా అనుమానం వచ్చిన ఊళ్లో మొదట వెళ్లాల్సింది గర్భిణుల ఇళ్లకు. జ్వరమొచ్చిన గర్భిణికి రక్తంతో పాటు మూత్రమూ పరీక్షించాలి, ఎందుకంటే వైరస్ రక్తంలో కంటే మూత్రంలో ఎక్కువ రోజులు దొరుకుతుంది. యాంటీబాడీ పరీక్ష ఒక్కదాన్నే నమ్మకూడదు, డెంగీ వచ్చిపోయినవారిలో అది తికమక పెడుతుంది. జికాను మోసే దోమలు పెరగకుండా ఇంటింటా నీటి తొట్లు వారానికోసారి కడగాలని ఆశా కార్యకర్తలు చెబుతూనే ఉన్నారు. చెప్పడానికి మొహమాటపడే మాట మరొకటుంది. జికా వీర్యం ద్వారా కూడా సోకుతుంది. భర్తకు సోకితే, భార్య గర్భంతో ఉన్నన్నాళ్లూ కండోమ్ వాడాలి, లేదా దూరంగా ఉండాలి. ఈ మాట భార్యకే కాదు, భర్తను కూర్చోబెట్టి అతనికీ చెప్పాలి.