ఇంటి ఊరగాయ - ఇంటర్నెట్టు అంగడి

మొన్నటి వేసవిలో మా వీధిలోని ఒక గృహిణి మా యింటికి వచ్చి, చేతిలోని ఫోను తెరచి నాకొక బొమ్మ చూపినది. అది డబ్బు చెల్లించినట్లు తెలుపు రసీదు. 12 సీసాల ఆవకాయకుగాను 7,200 రూపాయలు ఆమె ఖాతాకు పంపబడినట్లు దానిపై స్పష్టముగా ఉన్నది.

"అన్నయ్యగారూ, చీటీ చూస్తే డబ్బు వేసినట్లే ఉంది. బ్యాంకులో మాత్రం పడలేదు. సరుకు నిన్ననే పంపించేశాను. ఇప్పుడేం చేయమంటారు?" అని అడిగినది.

తోచినది చెప్పితిని. ఇట్టి మోసములను తెలుపుకొనుటకై ప్రభుత్వమువారు ఏర్పరచిన 1930 అను నంబరునకు ఆమె ఆ పూటయే ఫిర్యాదు చేసినది. కొరియరు కచేరికిని వెళ్ళినది. అప్పటికే పార్సెలు చేరవలసిన చోటికి చేరిపోయినది. దానిని పుచ్చుకొన్న పెద్దమనిషి ఫోను ఎత్తుట మానివేసినాడు. ఆ వేసవిలో ఆమె మిగుల్చుకొన్నదంతయు ఆ 12 సీసాలతోనే పోయినది.

ఆమె ఆవకాయలో లోపమేమియు లేదు. ముక్క బిగి చెడలేదు, ఆవఘాటు తగ్గలేదు. లోపమంతయు సీసా మూత బిగించిన తరువాతి పనులలో ఉన్నది. నేడు అనేక గృహములలో ఊరగాయలో, పొడులో, పిండివంటలో ఆన్‌లైనులో అమ్మి నాలుగు రాళ్ళు సంపాదించుకొనవలెనను ఉత్సాహము కనబడుచున్నది గావున, ఆ తరువాతి పనులను గూర్చియే ఇచట ముచ్చటించెదను. వంట నేర్పుటకు నేను తగను.

ముఖము చూడక సరుకు అమ్ముట మనకు కొత్త కాదు. మన దేశమున తపాలా శాఖవారు 1877లోనే వి.పి. పద్ధతి నెలకొల్పిరి. ఊరూరికిని పుస్తకములు, మందులు, గడియారములు ఆ దారినే పోయినవి. తపాలా బంట్రోతు కట్ట అందించి, సొమ్ము పుచ్చుకొనును. ఆ సొమ్ము మనియార్డరుగా అమ్మినవానికి చేరును. ఇప్పుడు 'క్యాష్ ఆన్ డెలివరీ' అని గొప్పగా చెప్పుకొనుచున్నది ఈ వి.పి.కి మనుమరాలే. ఆనాటి పుస్తకాల వర్తకులను బాధించిన జబ్బు ఈనాడును విడువలేదు: తెప్పించుకొన్నవారు తీరా కట్ట వాకిటికి వచ్చిన పిమ్మట వద్దని త్రిప్పి పంపుదురు. రానుపోను ఖర్చు అమ్మినవాని నెత్తిన పడును. పుస్తకమైనచో తిరిగి అలమారలో పెట్టవచ్చును. పది దినములు ఎండలో లారీలపై ఊగివచ్చిన ఊరగాయను మరియొకరికి ఎట్లు అమ్మగలము? కనుక కొత్తగా మొదలిడువారు మొదటి ఏడాది ఈ పద్ధతి జోలికి పోకుండుటయే నా మతము. అమ్మకము కొంత తగ్గును. తగ్గనిండు.

ఇక ముందుగా సొమ్ము పుచ్చుకొను మార్గమున్నది. 2016లో యూపీఐ వచ్చిన నాటినుండి ఇది మిక్కిలి సుళువైనది. ఆ సుళువులోనే మోసమునకు సందు దొరకినది. కొన్నవారు పంపెడి రసీదు బొమ్మ సాక్ష్యము కాదు. అట్టి బొమ్మను ఎవరైనను తయారుచేయగలరు. మన బ్యాంకు లెక్కలో ఆ మొత్తము జమ పడినట్లు మనము స్వయముగా చూచిన పిమ్మటనే పార్సెలు గడప దాటవలెను. రెండవది, మనకు డబ్బు వచ్చుటకు మన రహస్యసంఖ్యతో ఎన్నడును పనిలేదు. "మీకు డబ్బు పంపుచున్నాము, ఈ గళ్ళబొమ్మకు ఫోను చూపి మీ పిన్ నొక్కుడు" అని ఎవరైన చెప్పినచో, వారు ఇచ్చువారు కారు, పుచ్చుకొనువారు. ఈ రెండు ముక్కలును ఇంటిలో ఫోను పట్టుకొను ప్రతివారికిని, ముఖ్యముగా మధ్యాహ్నపువేళ ఒంటరిగా ఉండు పెద్దలకు, చెప్పియుంచవలెను.

వ్యాపారపు సొమ్మునకు వేరొక బ్యాంకు ఖాతా ఉండుట మంచిది. ఇంటి పాలడబ్బు, పిల్లల ఫీజు, ఆవకాయ సొమ్ము ఒకే పుస్తకములో కలిసినచో లాభమెంతో దేవునికే తెలియును.

లాభమను మాట వచ్చినది గావున ఒక లెక్క వేసి చూతము. ఇవి మార్కెటు ధరలు కావు. లెక్క బోధపడుటకై నేను వేసికొన్న అంకెలు. కిలో ఆవకాయకు కాయ, కారము, ఆవపిండి, ఉప్పు, నువ్వులనూనె అన్నియు కలిపి 260 రూపాయలనుకొందము. సీసా, మూతక్రింది సీలు, చీటీ 40. అట్టపెట్టె, లోపలి మెత్తలు 35. రవాణా 110. ఇంతవరకు 445. ఇంతటితో లెక్క ఆపి, 600కు అమ్మిన 155 మిగిలినదని సంతోషించువారే ఎక్కువ. ముక్కలు కొట్టినవారి కూలి, గ్యాసు, తన సొంత శ్రమ కలిపి 60 వేసికొనక తప్పదు, 505 అయినది. 25 సీసాలకు ఒకటి దారిలో పగిలినను, ఆ నష్టము సీసా ఒక్కింటికి సుమారు 20 పడును. మిగులు 75 రూపాయలు. ఇది తానే నేరుగా అమ్ముకొనిన సంగతి. అదే సీసాను ఒక పెద్ద ఆన్‌లైను అంగడివారి ద్వారా అమ్మి, వారు తమ వంతుగా నూటికి 15 పట్టుకొన్నారనుకొనుడు, 90 పోవును. అప్పుడు ప్రతి సీసాకు 15 రూపాయలు మన చేతినుండి కట్టి పంపుచున్నామన్నమాట. ఎన్ని ఎక్కువ అమ్మిన అంత నష్టము! "అమ్మకాలు బ్రహ్మాండముగా ఉన్నవి, డబ్బు మాత్రము కనబడుటలేదు" అని వాపోవువారి రహస్యము చాలవరకు ఇదియే. శ్రమకు విలువ కట్టుకొనుటకు మన స్త్రీలు మొగమాటపడుదురు. ఇంటిలో అన్నమునకు కూలి లేదు నిజమే, అంగడిలో ఉన్నది.

రవాణాలో ఒక కిటుకున్నది. చాలామంది కొరియరువారు కట్ట బరువును తూచుటయే గాక పరిమాణమును కూడ కొలుతురు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటిమీటరులలో గుణించి 5000తో భాగించి, వచ్చినదానిని కిలోలుగా ఎంచుదురు. రెండింటిలో ఏది ఎక్కువయో దానికే రుసుము. కిలో ఆవకాయ సీసాతో కూడ 1.4 కిలోలు తూగుననుకొందము. చేతికి దొరకిన 30, 20, 20 సెంటిమీటరుల పెట్టెలో దానిని పెట్టి పంపినచో 2.4 కిలోలకు డబ్బు కట్టవలసివచ్చును. గాలికి బాడుగ! 16, 16, 22 కొలతల పెట్టె చేయించినచో లెక్కకు 1.13 మాత్రమే వచ్చును. అప్పుడు నిజమైన తూకమునకే కట్టుదుము. పెట్టెల దుకాణమునకు ఒకసారి సీసాను వెంటబెట్టుకొని పోవుట ఎంత లాభకరమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

నూనె కారుట మరియొక శత్రువు. ఆవకాయకు ప్రాణము పైన తేలు నూనె. పార్సెలుకు ప్రాణాంతకమును అదియే. మూత ఎంత బిగించినను బోర్లపడిన సీసానుండి నూనె చెమ్మగిల్లును. మూతక్రింద వేడితో అతికించు రేకుసీలు వేసి, సీసాను మందపు ప్లాస్టిక్ సంచిలో మూసి, పిమ్మట పెట్టెలో పెట్టవలెను. పంపుటకు ముందు ఒక పెట్టెను మన పొరుగూరి బంధువులకే పంపి చూచుకొనుట ఉత్తమము. బంధువులు నిజము చెప్పువారై యుండవలెను.

ఇక చట్టపు సంగతి. "ఇంటిలో చేసినదే కదా, దీనికి లైసెన్సేమిటి?" అనుట పొరబాటు. ఇంటిలో వండి ఇతరులకు అమ్మినంతమాత్రముననే 2006 నాటి ఆహార భద్రతా చట్టము వర్తించును. 2011 నాటి నిబంధనలు ఏటికి 12 లక్షలకు లోపు వ్యాపారమును చిన్నదిగా ఎంచి, సంవత్సరమునకు 100 రూపాయల రుసుముతో సుళువైన రిజిస్ట్రేషను ఏర్పరచినవి. ఇట్టి హద్దులు మారవచ్చును గావున దరఖాస్తు పెట్టునాడు ఆ సంస్థవారి ఫాస్కాస్ అను వెబ్‌సైటులోనే చూచుకొనవలెను. వారిచ్చు 14 అంకెల సంఖ్యను సీసాపై వేయవలెను. దానితోబాటు పదార్థము పేరు, దినుసులు ఎక్కువనుండి తక్కువకు వరుసగా, నికర తూకము, తయారుచేసిన తేదీ, ఎప్పటిలోగా వాడవలెనో ఆ తేదీ, అన్ని పన్నులు కలిపిన గరిష్ఠ ధర, చేసినవారి చిరునామా, ఫిర్యాదునకు ఫోను నంబరు, శాకాహారమని తెలుపు పచ్చచదరములోని పచ్చచుక్క ఉండవలెను. తూనికలు కొలతల నియమములనుబట్టి వీనిలో ముఖ్యమైనవి, ధర, తూకము, చిరునామా వంటివి, ఆన్‌లైనులో అమ్ము పుటమీదను కనబడవలెను. "ఏడాది నిలువ" అని చీటీపై వ్రాయుటకు ముందు, ఆ సీసాను నిజముగా ఏడాది నిలువయుంచి చూచితిమా అని ప్రశ్నించుకొనవలెను. మన జాడీలోనిది పొడిగరిటెతో తీయుదుము. కొన్నవారి గరిటె ఎట్టిదో మనకేమి తెలియును?

జి.ఎస్.టి. విషయములో తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కొకటి గలదు. సరుకుల వ్యాపారము ఆంధ్రప్రదేశ్‌లో ఏటికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటువరకు రిజిస్ట్రేషను అక్కరలేదని సాధారణ నియమము. ఇది విని చాలామంది నిశ్చింతగా కూర్చుందురు. కాని ఈ వెసులుబాటు సొంత రాష్ట్రములోని అమ్మకమునకే. పన్ను పడు సరుకును రాష్ట్రపు సరిహద్దు దాటించి అమ్మినచో మొదటి సీసానుండియే రిజిస్ట్రేషను తప్పనిసరి. 2014 జూన్ 2వ తేదీకి పూర్వము విజయవాడనుండి ఖమ్మమునకు ఊరగాయ పంపుట ఇంటిలోని వ్యవహారము. నేడు అది అంతర్రాష్ట్ర వాణిజ్యము! విశాఖపట్టణము ఎంత దూరమైనను ఇబ్బంది లేదు, దాపుననున్న ఖమ్మమునకే కాగితములు కావలెను. చేతిపనుల వస్తువులకు 2017లో ఈ విషయమున కొంత మినహాయింపు ఇచ్చిరి గాని, ఆవకాయ ఎంత చేతితో కలిపినను ఆ జాబితాలోనికి రాదు. పెద్ద ఆన్‌లైను అంగళ్ళ ద్వారా సొంత రాష్ట్రములోనే అమ్మెడి చిన్నవారికి 2023 అక్టోబరు 1వ తేదీనుండి రిజిస్ట్రేషను బదులు ఒక నమోదు సంఖ్య చాలును. మొదటి ఏడాది సొంత రాష్ట్రముతో తృప్తిపడి, గిరాకి నిలిచినదని తోచిన పిమ్మట ఒక ఆడిటరుగారితో మాట్లాడి పొలిమేర దాటుట క్షేమము.

ఉద్యం అను చిన్న పరిశ్రమల నమోదు 2020 జూలైనుండి ఉన్నది. ఆధారు, ప్యాను ఉన్నచో ఇంటినుండియే చేసికొనవచ్చును. దానికి రుసుము లేదు. రుసుము అడిగిన వెబ్‌సైటు ప్రభుత్వముది కాదు.

వెబ్‌సైటు అవసరమా యని అడుగుదురు. మొదట అవసరము లేదు. వాట్సాప్‌లో ఒక ధరల పట్టిక, నాలుగు నిజమైన ఛాయాచిత్రములు చాలును. పెట్టవలెనని నిశ్చయించుకొన్ననాడు మాత్రము ఒక జాగ్రత్త: ఆ పేరు, అనగా డొమైను, మన పేరిటనే, మన ఈ-మెయిలుతోనే రిజిస్టరు కావలెను. చనువుగల కుర్రవాడెవడో "నేను చూచుకొందును లెండి, పిన్నిగారూ" అని తన పేరిట తీసికొనును. అతడు ఉద్యోగమునకై దూరదేశము పోవును. ఏటేట కట్టవలసిన రుసుము కట్టువాడుండడు. ఒకనాడు ఆ పేరు మరియొకరి పాలగును. అంగడి పలక పొరుగువాని ఇంటిగోడకు వ్రేలాడదీయుట వంటిది ఇది.

అమెరికాలోని మనవారికి పంపుట వేరే కథ. ఎగుమతి సంఖ్య కావలెను, అమ్మకపు ఆహారమైనచో అచటి ఆహారశాఖకు ముందుగా తెలుపవలెను, 800 డాలరుల లోపు పార్సెళ్ళకు ఉండిన సుంకపు మినహాయింపును వారు 2025 ఆగస్టు 29నుండి ఎత్తివేసిరి. మొదటి ఏడాదివారు దానిని తలపెట్టకుండుటయే మేలు.

పెట్టుబడి సంగతి ఒక్కటి మిగిలినది. ఆవకాయ కాయ వేసవిలో కొద్దివారములే దొరకును. ఏడాది అమ్మకమునకు సరిపడు కాయ, కారము, నూనె ఆ కొద్ది దినములలోనే కొనవలెను. సొమ్ము తిరిగి చేతికి వచ్చుటకు నెలలు పట్టును. 500 సీసాలు పెట్టి సంక్రాంతినాటికి సగము మిగిలినవారు, నగలు తాకట్టుపెట్టి కాయ కొన్నవారైనచో, వడ్డీతోనే చితికిపోదురు. చేతనున్న సొమ్ములో పోయినను ఇల్లు గడచునంతవరకే కాయగా మార్చవలెను.

ఆ గృహిణి మరుసటి వేసవిలో మరల కాయ కొన్నది. ఈసారి 60 సీసాలే పెట్టినది. ఆర్డరులన్నియు ఒక నోటుబుక్కులో వ్రాసి, ప్రతి వరుస చివర ఒక గడి వదలినది. బ్యాంకు లెక్కలో జమ కనబడిన పిమ్మట ఆ గడిలో ఎర్రసిరాతో టిక్కు పెట్టును. టిక్కు లేని పార్సెలును ముట్టవద్దని కొరియరు కుర్రవానికి చెప్పియున్నది. మొన్న మా యింటివారు రెండు సీసాలు కావలెనని ఫోను చేసిరి. ఎదురింటివారమే యైనను, సీసాలు సాయంత్రము దాక రాలేదు. నేను డబ్బు పంపుట మరచితిని.