పలచటి నెగటివ్‌కు మందు

ఫిల్ము కడిగి వెలుతురుకెత్తి చూస్తే నెగటివ్‌లో నల్లగా ఉండాల్సిన ఆకాశం పలచగా కనిపించిందా? డెవలపర్‌లో ఇంకొంతసేపు ఉంచితే నలుపు తెలుపుల తేడా పెరిగేదే. బొమ్మను స్థిరపరిచే హైపోలో పడ్డాక ఆ దారి మూసుకుపోతుంది. ఇక దిక్కు, పలచటి బొమ్మను చిక్కబరిచే ఇంటెన్సిఫయర్ ద్రావణం.

గాజుపలకల మీద కొలోడియన్ పూసి ఫొటోలు తీసిన 1850ల నాటికే ఇది వాడుకలో ఉంది. మెర్క్యూరిక్ క్లోరైడ్‌లో వేస్తే వెండి బొమ్మ తెల్లగా పాలిపోతుంది. ఆపైన అమ్మోనియాలో ముంచితే మునుపటికన్నా నల్లబడుతుంది. కానీ మెర్క్యూరిక్ క్లోరైడ్ విషం. పైగా అలా నల్లబడిన బొమ్మ ఏళ్ల తరబడి నిలవదు.

తర్వాత వచ్చిన క్రోమియం పద్ధతికి పొటాషియం డైక్రోమేట్, కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలు. బొమ్మ వెలిసిపోయి పసుపుపచ్చటి మరకలా మిగిలినప్పుడు కొత్తవాళ్లకు గుండె జారుతుంది. పచ్చదనం పోయేదాకా కడిగి, వెలుతురులోనే మామూలు డెవలపర్‌లో వేస్తే, బొమ్మ క్రోమియాన్ని కలుపుకొని చిక్కగా తిరిగొస్తుంది. చాలకపోతే ఇంకోసారి చేయొచ్చు. అయితే డైక్రోమేట్ క్యాన్సర్ కారకం. చేతికి తొడుగు లేకుండా ముట్టకూడదు.

ఇందులో కిటుకంతా నిష్పత్తిదే. నెగటివ్‌లో సాంద్రత (నలుపు చిక్కదనపు కొలత) నీడలో 0.2, ఆకాశంలో 1.0 ఉందనుకుందాం. రెండూ ఒకటిన్నర రెట్లయితే 0.3, 1.5 అవుతాయి. వాటి మధ్య తేడా 0.8 నుంచి 1.2కు పెరిగింది. అసలు వెండే లేనిచోట మాత్రం సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ కథలో ఇదంతా కళ్లకు కడుతుంది. 1941 నవంబరు 1 (చంద్రుడి స్థానాన్ని బట్టి తర్వాత లెక్కగట్టిన తేదీ) సాయంత్రం, న్యూమెక్సికోలోని హెర్నాండెజ్. శ్మశానంలోని శిలువల మీద ఎండ జారిపోతోంది. లైట్ మీటర్ చేతికి దొరకలేదు. చంద్రుడి వెలుగు ఎంతో గుర్తుండటంతో ఆ లెక్కతో ఒక్క ఫొటో తీశాడు. రెండోదానికి సిద్ధమయ్యేలోగా ఎండ పోయింది. ఆ ఒక్క నెగటివ్‌లోనూ ముందున్న నేల పలచన. ప్రింటు వేసిన ప్రతిసారీ అదే తలనొప్పి.

చివరికి 1948లో తెగించాడు. బొమ్మను వెలిసిపోనివ్వకుండా, ఉన్న వెండి మీదే మరికాస్త వెండిని పేర్చే కొడక్ ఐఎన్-5 ద్రావణం తీసుకుని, దిగంతరేఖకు దిగువ భాగాన్ని మాత్రం అందులో ముంచుతూ తీస్తూ చిక్కబరిచాడు. ఎక్కడైనా గీత పడి ఉంటే అంతే సంగతులు. తర్వాతి ప్రింట్లలో నేల తేలిగ్గా పలికింది. వాటిలో ఆకాశం కాటుకలా కనిపించడానికి కారణం మాత్రం ఇంటెన్సిఫయర్ కాదు; ప్రింటు వేసేటప్పుడు పైభాగానికి ఆయన పట్టిన అదనపు వెలుగు.